చిన్నాన్న కుడిచేతి గోళ్ళు

పోయిన నెల విజయనగరంలో మా చిన్నాన్న సంస్మరణ సభ జరిగింది. సభ అంటే పెద్దదేం కాదు. ఆయన దగ్గర గిటారు నేర్చుకున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఆయన అద్దెకున్న వీధివాళ్ళు, ఇంటి మనుషులం ఓ పదిమందిమి. ఒక స్కూలు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఫొటోకి చామంతుల దండ వేశారు. ఇంజినీరింగు చదువుతున్న ఓ పిల్ల వచ్చి, ఎడమ పాదం చిన్న స్టూలు మీద పెట్టుకుని, గిటారు ఒళ్ళోకి తీసుకుంది. మైకు వద్దంది. ఫ్యాన్లు ఆపించింది. చెమటలు కారిపోతున్నా ఆ పావుగంటా ఒక్కరూ కదల్లేదు. చిన్నాన్న ఉంటే ఆ పిల్లని చూసి మురిసిపోయేవాడు.

తర్వాత ఒక పెద్దాయన మాట్లాడ్డానికి లేచాడు. చిన్నాన్న ఓపికని, మంచితనాన్ని పొగిడి, గొంతు తగ్గించాడు. "దేశదేశాలు తిరగాల్సిన విద్వాంసుడు ఈయన. పెళ్లినాడు ఒక క్షురకుడి అజాగ్రత్త ఈయన జీవితాన్ని మార్చేసింది" అని కుడిచేతి గోళ్ళ కథ మొత్తం చెప్పాడు. హాలంతా అయ్యో అంది. నా పక్కన కూర్చున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని మరీ అయ్యో అంది.

ఆ కథ మా ఊళ్ళో నాలుగిళ్ళలో చెప్పుకునేదనీ, మనిషితోపాటే అదీ పోతుందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను. ముక్కూ మొహం తెలియని పిల్లల ముందు మైకులో చెబుతారని కలలో కూడా అనుకోలేదు. ఆ కథ అబద్ధం. నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకాయన ఫొటోలో ఉన్నాడు. ఇంకొకాయన ఏమయ్యాడో అప్పటికి తెలియదు. మూడోదాన్ని నేను. లేచి నిలబడి, కాదండీ, జరిగింది అది కాదు అనాల్సింది. అనలేదు. అందరితోపాటు చప్పట్లు కొట్టి, పులిహోర పొట్లం పుచ్చుకుని బస్సెక్కాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు నాది. అబద్ధం ఆడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన నోరు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన. కళింగపట్నం రేవు సైకిలు మీద అరగంట. తూర్పుగాలి తిరిగిందంటే ఊరంతా ఎండుచేపల వాసన. వైశాఖంలో దొడ్డి నిండా జీడిమామిడి పళ్ళు రాలేవి. వాటి రసం బట్టకంటితే చచ్చినా వదలదు, అందుకని నా గౌన్లన్నీ ఎప్పుడూ ఒకే రంగులో ఉండేవి. పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, పక్కన పచ్చి ఉల్లిపాయ. రాత్రి మిగిలిన చేపల పులుసు కూడా ఉంటే ఆ పూట పండగే. ఆవకాయ పెట్టే రోజుల్లో ఆవపిండి ఘాటుకి ఇంటిల్లిపాదీ ముక్కులు తుడుచుకుంటూ తిరిగేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు, అలాంటి ఎండాకాలంలోనే, చిన్నాన్న ఓడ దిగి ఇంటికొచ్చాడు. మా వైపు నుంచి ఓడల్లో పనికి వెళ్ళేవాళ్ళు చాలామంది. వచ్చేటప్పుడు వాసన సబ్బులు, సెంటు సీసాలు, తళతళలాడే చొక్కాలు తెచ్చేవారు. చిన్నాన్న ఒక నల్లటి పొడుగాటి పెట్టె తెచ్చాడు. ఊళ్ళో సగం జనం దాని చుట్టూ చేరారు. మూత తీస్తే లోపల ఎర్ర మఖమలు గుడ్డ, దాని మీద పడుకోబెట్టి ఈ గిటారు. చెక్క వాసన గుప్పుమంది. నాయనమ్మ మూడడుగుల దూరం నుంచే చూసి, "సబ్బులేవిరా?" అంది.

ఓడలో ఒక ముసలి ఇంజినీరు ఉండేవాడట. ఏ దేశంవాడో ఏమో, రోజూ డ్యూటీ దిగాక గిటారు వాయించేవాడట. చిన్నాన్న ఆయన పక్కన చేరి నాలుగేళ్ళు నేర్చుకున్నాడు. ఆయనే పాత గిటారు ఒకటి కొనిపెట్టాడు. ఇక ఓడెక్కను, ఇదే నా పని అన్నాడు చిన్నాన్న. మా నాన్న కాస్సేపు ఆలోచించి, "మరి పొలం పనేటి?" అన్నాడు. అప్పటికి ఆ మాట అక్కడితో ఆగింది.

మొదటిసారి ఆయన వాయించినప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు. ఒక పక్క బొటనవేలితో బరువుగా ఒక పాట నడుస్తోంది, పైన మూడు వేళ్ళతో ఇంకో పాట, వాన వెలిశాక చూరు నీళ్ళు పడ్డట్టు గబగబా, తెంపు లేకుండా. ఇద్దరు వాయిస్తున్నారనుకున్నాను. లేచి ఆయన వెనక్కి వెళ్ళి, తలుపు చాటున వెతికి, రెండోవాడు ఎక్కడున్నాడని అడిగాను. చిన్నాన్న వాయించడం ఆపి పడీపడీ నవ్వాడు. నాకేం నవ్వు రాలేదు. ఒక్క మనిషి చేతుల్లోంచి ఇద్దరి పాట రావడం చూసి నోరు తెరుచుకుని అక్కడే కూలబడిపోయాను.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం అంతగా ఆనలేదు. సినిమా పాట వాయించమనేవారు. మా మావ ఒకాయన తీగల్ని గిల్లి చూసి, "ఇనప తీగలు కావేటి? వలదారంలాగ ఉన్నాదేటి బావా?" అన్నాడు. ఆయనన్నదీ నిజమే. ఒకసారి తీగ తెగితే కళింగపట్నం వెళ్ళి గేలం దారం తెచ్చి కట్టుకున్నాడు చిన్నాన్న. అది బాగానే పలికింది. ఆ వారమంతా నాయనమ్మ గిటారుని చేపలపెట్టె అనే పిలిచింది.

నాయనమ్మకి దాంతో రోజూ ఒక తగువు ఉండేది. ఈ గిటారు వాయించేవాళ్ళు ఎడమ కాలు కాస్త ఎత్తు మీద పెట్టుకోవాలి. చిన్నాన్న చేతికందిందని ధాన్యం కొలిచే కుంచం బోర్లించి దాని మీద కాలు పెట్టాడు. నాయనమ్మ వంటింట్లోంచి అట్లకాడతో సహా వచ్చింది. "ఒరే, కుంచం మీద కాలెట్టినావేట్రా? లచ్చిందేవిరా అది. దిగు" అంది. దిగేదాకా కదల్లేదు. ఆ కుంచాన్ని పసుపునీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో మూడురోజులు ఉంచింది. ఆ తర్వాత చిన్నాన్న రెండు ఇటికలకి గోనెపట్టా చుట్టుకున్నాడు.

నేను తక్కువ తినలేదు. ఆ చెక్క మధ్యలో గుండ్రటి కన్నం ఉంటుంది కదా, అందులో ఒక చింతపిక్క వేసి చూశాను. ఎంత లోతుందో చూద్దామని. ఆ పూట చిన్నాన్న ఏ స్వరం మీటినా లోపల చింతపిక్క గలగలమంది. ఆయన గిటారు పగిలిపోయిందని పాలిపోయాడు. దాన్ని తలకిందులు చేసి, ఒడుపుగా ఊపి, ఆ పిక్కని బయటికి దొర్లించినవాడు సన్నాయి తాత. పిక్కని నా చేతిలో పెట్టి, ఎవరు వేశారని అడక్కుండా మీసాల్లో నవ్వుకున్నాడు.

సన్నాయి తాత గురించి చెప్పాలి. ఊళ్ళో క్షవరాలు చేసేదీ, పెళ్లిళ్ళకి సన్నాయి ఊదేదీ ఆయనే. ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి మగవాళ్ళందరికీ గడ్డాలు చేసి, నాయనమ్మ పెట్టిన అంబలి తాగి వెళ్ళేవాడు. చిన్నాన్న వచ్చాక వెళ్ళడం మానేశాడు. అరుగు చివర గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, మధ్యాహ్నం దాకా వినేవాడు. ఊరు మొత్తంలో ఆ వాద్యాన్ని నిజంగా విన్నవాడు ఆయనొక్కడే అని నాకు ఆ వయసులోనే తెలిసింది. వింటున్నప్పుడు ఆయన వేళ్ళు మోకాలి మీద కదిలేవి.

"దీని గొంతుక సిన్నది బాబూ" అనేవాడు చిన్నాన్నతో. "మా సన్నాయి ఊరవతలోడిని కూడా పిలిసెస్తాది. ఇది పిలవదు. మనవే దగ్గిరికెల్లి కూకోవాల."

చిన్నాన్న దగ్గర టేపురికార్డరు, రెండు కాసెట్లు ఉండేవి. ఒకదాంట్లో స్పెయిన్ దేశపు విద్వాంసుడు, ఇంకోదాంట్లో ఎవరో ఒకావిడ. ఇద్దరూ ఒకే పాట వాయించారు. చిన్నాన్న, తాత ఆ రెండూ మార్చి మార్చి విని పోట్లాడుకునేవారు. చిన్నాన్నకి ఆ స్పెయినాయనంటే ప్రాణం. తాత ఒప్పుకునేవాడు కాదు. "ఆయన గొప్పోడే, కాదన్ను. కానీ ఈ తల్లి మద్దిలో ఊపిరి తీసుకుంటన్నాది, ఇను. ఇదిగో, ఇక్కడ." నేను ఎంత విన్నా ఆ ఊపిరి నాకు వినపడలేదు. అయినా వినపడిందని తల ఊపేదాన్ని. వాళ్ళిద్దరి మధ్యన కూర్చుని, తాటిముంజెలు వేలితో పొడిచి నీళ్ళు తాగుతూ, ఆ పోట్లాట వినడం కన్నా సుఖం నాకు మళ్ళీ దొరకలేదు.

ఇక గోళ్ళు. ఈ గిటారు కుడిచేతి గోళ్ళతో మీటాలి. ఎడమచేతికి గోళ్ళు ఉండకూడదు, కుడిచేతికి ఉండాలి. గోరు ఏమాత్రం గరుకైనా స్వరం గీరుకుపోతుంది. ఆ గోళ్ళ పని తాతది. పలక ముక్క మీద నీళ్ళు చల్లి నూరి, తన కత్తి సానపెట్టే తోలు మీద రుద్ది, కొబ్బరినూనె రాసేవాడు. ఒక్కో గోరుకి పావుగంట. "ఇవి నీ గోళ్ళు కావు బాబూ, ఆ పెట్టివి. నీకాడ దాసుకున్నాది" అనేవాడు. ఆ గోళ్ళతో అన్నం కలపడం చూడలేక నాయనమ్మ మొహం తిప్పుకునేది. చిన్నాన్న ఓడనుంచి తెచ్చుకున్న చెంచాతో తినడం మొదలుపెట్టాడు. దాంతో ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది.

నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. ఈ పిచ్చికి మందు పెళ్ళేనని, పలాస వైపు సంబంధం ఒకటి కుదిర్చి, మరుసటి వైశాఖంలో ముహూర్తం పెట్టించింది. చిన్నాన్న కూడా పిల్లని చూసి సరేనన్నాడు. తాంబూలాలు అయిపోయిన వారానికి ఆ ఇంజినీరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాసెట్టులోని స్పెయిన్ విద్వాంసుడు మన దేశానికి వస్తున్నాడనీ, విశాఖపట్నంలో కచేరీ ఉందనీ, ఆ పొద్దున చిన్నాన్న వాయిస్తే అరగంట వింటానని ఒప్పుకున్నాడనీ అందులో ఉంది. నచ్చితే కలకత్తాలో ఉన్న తన శిష్యుడి దగ్గర చేర్పిస్తాడట. చిన్నాన్న చదివి చదివి ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది. కచేరీ సరిగ్గా పెళ్లయిన నాలుగోనాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా వైపు పెళ్లికొడుకుని చేసే పొద్దున, మంగళస్నానానికి ముందు, పాలలో దర్భ ముంచి గోళ్ళకి తాకించి, గోళ్ళు తీస్తారు. అది కాకుండా పీట ఎక్కనివ్వరు. ఆ రోజు గోళ్ళు తీస్తే అవి మళ్ళీ మీటడానికి పనికొచ్చేసరికి రెండు మూడు నెలలు. చిన్నాన్న తీయించుకోనన్నాడు. "సుద్ధి నేకుండా పీట మీద కూకుంటావేట్రా? ఆ గుంట మెళ్ళో తాళి ఏ సేత్తో కడతావు?" అని నాయనమ్మ రెండురోజులు అన్నం మానేసింది. ఆఖరికి తీర్పు చెప్పింది తాతే. "అమ్మా, ఎడంసేతి గోళ్ళు శుబ్బరంగా తీసేస్తాను. కుడిసేతికి పాలు ముట్టించి ఒగ్గేస్తాను. శాస్త్రం తప్పదు. నాది పూచీ" అన్నాడు. ఆయన మాట మీద గౌరవంతో నాయనమ్మ అంబలి తాగింది.

పెళ్లికి వారం ముందు ఒక పార్శిలు వచ్చింది. ఇంజినీరు పంపిన కొత్త కాసెట్టు, ఆ స్పెయిన్ ఆయనదే. చిన్నాన్న దాన్ని తాతకి వినిపించలేదు. నన్నూ పిలవలేదు. అటక మీదికి తీసుకెళ్ళి సన్నగా పెట్టుకుని ఒక్కడే విన్నాడు. తర్వాత రోజూ పైనించి గిటారు వినపడేది. నాలుగు స్వరాలు మీటి ఆగిపోయేవాడు. మళ్ళీ అవే నాలుగు. మళ్ళీ ఆగిపోయేవాడు. పెళ్లిబెంగ అని మేనత్తలు వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను.

పెళ్లి మా ఇంట్లోనే. మా వైపు అప్పట్లో మగపెళ్లివారింట్లోనే చేసేవారు. ఆ పొద్దున పెరట్లో నూతి దగ్గర ముగ్గులేసి రెండు పీటలు వేశారు. పక్క పీట మీద తోడుపెళ్లికొడుకుగా కూర్చోవాల్సిన మా తమ్ముడికి జ్వరం తగిలింది. వేళకి ఎవరూ దొరక్క నా తలకే ఒక తువ్వాలు చుట్టి కూర్చోబెట్టారు. ఒళ్ళంతా నలుగుపిండి, పసుపు, నువ్వులనూనె వాసన. తాత ఇత్తడి గిన్నెలో పాలు పోసుకుని, చిన్నాన్న ఎడమచేతి గోళ్ళు తీశాడు. చుట్టూ మేనత్తలు పాటలు పాడుతున్నారు. ఇంతలో వీధిలో ఎవరో పెళ్లికూతురువారి లారీ వచ్చేసిందని కేకేశారు. నాయనమ్మతో సహా అందరూ పళ్ళేలూ హారతులూ పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. పెరట్లో ముగ్గురం మిగిలాం.

"తాతా" అన్నాడు చిన్నాన్న. "కుడిసెయ్యి కూడా తీసెయ్."

తాత నవ్వాడు. "నలుగు తలకెక్కినాదేటి బాబూ?"

"తీసెయ్ తాతా. మొదలంటా తీసెయ్."

తాత నవ్వు ఆపి ఆయన మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. చిన్నాన్న పసుపు మొహం మీద కన్నీళ్ళు చారలు కట్టి ఉన్నాయి.

"కొత్త కాసెట్టు ఇన్నాను. ఆయన ముందర నాను కూకోనేను. ఇన్నాళ్ళూ నాను వాయించింది ఆట. ఆయన అరగంటా ఇని, మంచివోడు కదా, బాగున్నాదని నవ్వి పంపించెస్తాడు. ఆ నవ్వు నాను సూడనేను."

"ఎల్లకుండా మానీ బాబూ. గోళ్ళేటి సేసినాయి?"

"ఎల్లకపోతే బయపడిపోనాడంటారు. నాకు నానే అనుకుంటాను. గోళ్ళు నేకపోతే ఎల్లనక్కర్నేదు కదా."

"నా సేత్తో పెంచినాను బాబూ అవి" అన్నాడు తాత. "ఈ కత్తి వాటి మీద పెట్టనేను."

చిన్నాన్న నూతిగట్టు వైపు తిరిగి, ఆ రాతికేసి చేతిని రుద్దబోయాడు. తాత చటుక్కున పట్టుకున్నాడు. వేళ్ళు చీరుకుపోతే మళ్ళీ ఎప్పటికీ వాయించలేడని ఆయనకి తెలుసు. ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకు మాట రానివ్వను తాతా" అన్నాడు చిన్నాన్న. "నానే తియ్యమన్నానని నానే సెప్తాను."

తాత బొటనవేలు పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి గోరూ పాలగిన్నెలో పడింది. ఆ వయసులో నాకు తెలిసిన భయాలు పాము, లెక్కల మాస్టారు, గుడ్డిదీపం వెలుగులో పెరడు. పెద్దవాళ్ళు భయపడతారనీ, భయపడి ఇలాంటి పని చేస్తారనీ నాకు తెలియదు. చిన్నాన్న నా వైపు తిరిగి, "అమ్మీ, నువ్వు ఎవులకీ సెప్పకు. నాను సెప్తాను" అన్నాడు.

నాయనమ్మ తిరిగొచ్చింది. ముందు గిన్నె చూసింది. తర్వాత చెయ్యి చూసింది.

"ఏటి సేసినావు?" అంది తాతని. అరవలేదు. ఆవిడ అరవకపోవడం నేను చూడ్డం అదే మొదలు. "పూచీ నాది అన్నావు కదా. నాకు గిట్టకపోయినా ఆడికి ఆ గోళ్ళే పేణం. నా కొడుకు గొంతు కోసెస్తివి కదా."

తాత తలెత్తి చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న పీట వైపు చూస్తున్నాడు. మేనత్తలు, నాన్న, పక్కింటివాళ్ళు అందరూ చేరారు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నేను ఎదురుచూశాను. చెప్పలేదు. అప్పుడు తాత నా వైపు చూశాడు. నేను ముగ్గు వైపు చూశాను. ఆ ముగ్గులో ఎన్ని చుక్కలున్నాయో ఇప్పటికీ చెప్పగలను. పదకొండు.

"తప్పయిపోనాది అమ్మా" అన్నాడు తాత.

నాన్న ఆయన సామాన్ల పెట్టెని కాలితో నెట్టాడు. కత్తులు, పలక ముక్క, తోలుపట్టీ పెరడంతా చెదిరిపోయాయి. తాత ఒక్కొక్కటీ ఏరుకుని, తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ముహూర్తానికి సన్నాయి ఊదాల్సింది కూడా ఆయనే. పెళ్లివేళకి ఇంకొకరు దొరకరు. పందిట్లోకి రావద్దన్నారు, వీధిలో నిలబడి ఊదమన్నారు. ఊదాడు. తాళి కట్టేటప్పుడు బయటినుంచి ఆ సన్నాయి వస్తోంటే చిన్నాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. గోళ్ళు పోయినందుకు ఏడుస్తున్నాడని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. భోజనాల వేళకి తాత వీధిలో లేడు.

విశాఖపట్నానికి చేతికి దెబ్బ తగిలిందని ఉత్తరం వెళ్ళింది. తాతని మా ఇంట్లో మళ్ళీ పిలవలేదు. మా ఇంటి మాట ఊళ్ళో చెల్లేది. పెళ్లినాడు చెయ్యి జారినవాడని మిగతావాళ్ళూ శుభకార్యాలకి పిలవడం మానేశారు. ఆ శ్రావణంలో అన్ని పెళ్లిళ్ళకీ శ్రీకాకుళం నుంచి వేరే మేళం వచ్చింది. వానలు తగ్గకముందే తాత ఇంటికి తాళం పడింది. భావనపాడు వైపు వెళ్ళిపోయారని ఎవరో అన్నారు. మేం మామూలుగా బడికెళ్ళాం, పొలానికెళ్ళాం, చేపల పులుసు తిన్నాం.

చిన్నాన్న ఏడాదిపాటు ఆ నల్లపెట్టె తెరవలేదు. తర్వాత పిన్నితో విజయనగరం వెళ్ళి, ఒక కొట్లో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. మంచి మాస్టారు అయ్యాడు. పిల్లల్ని ఎప్పుడూ కసరలేదు. తప్పు వాయిస్తే ఇంకోసారి అనేవాడు, అంతే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు గోళ్ళ కథని తమలో తాము చెప్పుకుని, ఆయన్ని ఇంకా గౌరవించేవారు. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. నేను కాలేజీలో ఉండగా ఒకసారి అడిగేశాను, ఎందుకు చెప్పలేదని. గిటారు తుడుస్తున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"సెప్దామనే అనుకున్నాను అమ్మీ" అన్నాడు. "ఆ పూట నోరు రానేదు. మర్నాడు సెప్దాంలే అనుకున్నాను. ఒక్కొక్క రోజు గడిసినకొద్దీ సెప్పడం కష్టమైపోనాది. ఇప్పుడు ఎవులకని సెప్తాను?"

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన ఆ సాయంత్రం వాయించింది విన్నాక ఆ కోపం పోయింది. అదీ నా సంగతి. ఇంత పిరికి మనిషి చేతుల్లోంచి అంత మంచి సంగీతం ఎలా వస్తుందా అని నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన్ని ప్రేమించాను. ఇప్పుడూ ప్రేమిస్తున్నాను. ఆ ప్రేమే నా నోరు మూసిందని చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ అదీ పూర్తి నిజం కాదు. నాకు మా ఇంటి పరువు కావాలి. నాకు ఏ గొడవా వద్దు.

సభనుంచి వచ్చాక వారం రోజులు నిద్ర సరిగ్గా లేదు. మా ఊరివాళ్ళకి ఫోన్లు చేశాను. ఒకరిని అడిగితే ఇంకొకరు, వాళ్ళని అడిగితే మరొకరు. తాత కూతురు నర్సుగా చేసి రిటైరైందనీ, ఎచ్చెర్లలో ఉంటోందనీ తెలిసింది. మొన్న గురువారం వెళ్ళాను. యూనివర్సిటీ దాటాక లోపలి వీధిలో చిన్న డాబా ఇల్లు. నా వయసు మనిషే. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిందో లేదో గుర్తులేదు. ఏ ఇంటి మనిషినో చెప్పాను, నా గురించి ఇంకేం చెప్పలేదు. ఆమె మొహం మారలేదు. కూర్చోమంది. లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

తాత పోయి పన్నెండేళ్ళయిందట. భావనపాడులో పడవలవాళ్ళకి క్షవరాలు చేస్తూ ఈమెని నర్సు చదివించాడట. సన్నాయి మాత్రం మళ్ళీ ఏ పెళ్ళిలోనూ ఊదలేదట.

నేను బస్సులో కూర్చుకున్న మాటలన్నీ అప్పగించేశాను. "మీ నాన్నగారి తప్పేం లేదమ్మా. మా చిన్నాన్నే తియ్యమన్నాడు. తర్వాత నోరు విప్పలేదు. ఈ మాట మీకు చెప్పాలని వచ్చాను."

"తెలుసమ్మా" అంది ఆమె. "మా అయ్య ఆ రోజే సెప్పినాడు మాకు."

"మరి మీరెవరూ ఊళ్ళో చెప్పలేదేం?" అన్నాను. అడగ్గానే ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో తెలిసింది.

"మేం సెప్తే ఎవులు నమ్ముతారమ్మా? మా అమ్మ ఊరి మీద పడి సెప్పేస్తానంటే అయ్య ఒప్పనేదు. అక్కడ ఒక గుంట కూకున్నాది, అంతా సూసినాది, సిన్నగుంట అబద్దమాడదు, ఇయ్యాల కాకపోతే రేపు అదే సెప్తాది అనీవోడు. మేం ఊరొగ్గి ఎల్లినప్పుడు ఎక్కడికెల్తన్నామో పక్కింటోళ్ళకి మరీమరీ సెప్పినాడు. ఆ గుంట పెద్దదయ్యి ఎతికితే దొరకాల కదా అని." టీ గ్లాసు నా వైపు జరిపింది. "పోయే ముందర కూడా అడిగినాడు, ఊరికాణ్ణుంచి ఎవులైనా వొచ్చినారా అని."

గ్లాసు అందుకున్నాను. కింద పెట్టేశాను.

"ఈ మాట మీకు ఆ గుంటే సెప్పినాదేటి? బతికే ఉన్నాదా?" అంది.

"నేనే" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. కోపంగా కాదు. జ్వరం ఎంతుందోనని రోగి మొహం చూస్తారే, అలాగ.

"ఇంత ఆలీసం సేసినావేటమ్మా" అంది.

నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ రోజు పీట మీద కూర్చున్నట్టే కూర్చున్నాను.